రిలీజ్ కాగితంలో నేను రాసిన కారణం

మా బౌలర్ భుజం చెడింది నా వల్ల. దోహాలో ఒక సీజను మొత్తం ఆ సంగతి నాకూ అతనికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అతను నా కోసం చెప్పలేదు. నేను కూడా నా కోసమే చెప్పలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం ఈమధ్య కాకినాడలో జరిగిన ఒక పెళ్ళి. అప్పట్లో ఖతర్‌లో కలిసి బతికినవాళ్ళం ఏడెనిమిది మందిమి భోజనాల దగ్గర ఒకే వరసలో కూర్చున్నాం. అందరికీ జుట్టు తెల్లబడింది, పొట్టలు పెరిగాయి. పెరుగు వడ్డించే వేళకి మా పాత కెప్టెన్ ఆ కథ ఎత్తుకున్నాడు. పక్కన కూర్చున్న పెళ్ళివారి కుర్రాడెవరికో చెబుతున్నాడు.

"మా టీములో ఒక బౌలరుండేవాడు బాబూ. తిన్నగా బంతి వెయ్యడం మర్చిపోయాడు. వాణ్ణి అవతలి టీముకిచ్చేసి ఒక కీపర్నీ, ఒక మ్యాట్‌నీ తెచ్చుకున్నాం. కీపర్ సంగతెలా ఉన్నా, మ్యాట్ మాత్రం బ్రహ్మాండంగా ఆడింది!"

వరసంతా నవ్వింది. నేను ఆకు మడిచి లేచిపోయాను. షుగరు వచ్చిందా అని అడిగారు వెనకనుంచి.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ కథకి జవాబు వాళ్ళందరి ముందూ నిలబడి ఒకసారి చెప్పాను, ఆ తొంభైల్లోనే, ఆ దోహాలోనే. జవాబు మర్చిపోయారు, జోకు గుర్తుపెట్టుకున్నారు. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

నాది గోదావరి జిల్లా. ఏసీలు బిగించి మరమ్మతులు చేసే ఒక కంపెనీకి స్టోర్‌కీపర్‌గా వెళ్ళాను. అల్ మన్సూరాలో ఒక పాత ఫ్లాటులో ఆరుగురం ఉండేవాళ్ళం. వారానికి ఒకటే సెలవు, శుక్రవారం. తెల్లారేసరికి ఊరి చివర ఖాళీ స్థలానికి వెళ్ళేవాళ్ళం. గట్టి మట్టి మీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి క్రికెట్ ఆడేవాళ్ళం. బంతి టెన్నిస్ బంతే, దానికి కరెంటు టేపు చుట్టి బరువు తెప్పించేవాళ్ళం. ఆ టేపు నా స్టోరు నుంచే వచ్చేది. అది కూడా ఒప్పుకుంటున్నాను. ముస్లిం సోదరులు జుమా నమాజుకి వెళ్ళే లోపల ఆట అయిపోవాలి. సాయంత్రం మా క్రైస్తవులకి ఒక విల్లాలో ఆరాధన. ఆ మధ్యలో వండుకోవడం, తినడం, పొద్దుటి ఆట గురించి గొంతులు పోయేలా వాదించుకోవడం.

నాకు ఆట రాదు. దస్తూరీ బాగుంటుందని స్కోరు పుస్తకం నాకిచ్చారు.

మా బౌలర్ జగిత్యాల వైపువాడు. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. మా కంపెనీలోనే ఏసీ టెక్నీషియన్, నాకంటే ఐదారేళ్ళు చిన్న. వాళ్ళమ్మ ఎవరిచేతో రాయించే ఉత్తరాల్లో ఎప్పుడూ 'దుబాయిల పైలం బిడ్డా' అని ఉండేది. ఖతర్ అని ఎన్నిసార్లు రాసినా ఆవిడకి అది దుబాయే. అతని పరుగు ఆరడుగులే, కానీ చెయ్యి తిరిగిందంటే బంతి సూటిగా వెళ్ళి బ్యాట్ పట్టినవాడి కాలివేళ్ళ దగ్గర పడేది. కాళ్ళు తీసుకుంటే వికెట్టు పోతుంది, తియ్యకపోతే వేళ్ళు పోతాయి. అతను బౌలింగుకి వస్తుంటే బ్యాట్స్‌మెన్ చెప్పులు మార్చి బూట్లు వేసుకోవడం నేను కళ్ళారా చూశాను. వారమంతా అతను కంపెనీ యూనిఫాంలో ఒక నంబరు. శుక్రవారం పొద్దున నాలుగు గంటలు మాత్రం పేరున్న మనిషి. పక్క ఫ్లాట్లవాళ్ళు, కిరాణా కొట్టు మలయాళీ, అందరూ అతన్ని ఆపి పలకరించేవాళ్ళు. అతనికి అక్కడ ఉన్నదల్లా ఆ పేరే.

చలికాలం మొదట్లో ఒక గురువారం. సగం రోజే డ్యూటీ. స్టోరులో పై అరమీద ఉన్న కంప్రెసర్ ఒకటి కిందికి దింపి సైటుకి పంపాలి. అంత బరువు చెయిన్ బ్లాకుతోనే దింపాలని రూలు. గొలుసూ కప్పీ ఉండే ఆ పరికరం ఆ రోజు వేరే సైటులో ఉంది, సాయంత్రం అసర్ నమాజు వేళకి గానీ రాదు. నాకేమో తొందర. మ్యాట్‌కి కొత్త మేకులు తెస్తానని కెప్టెన్‌కి మాటిచ్చాను, బజారుకి వెళ్ళాలి.

"పట్టు తమ్ముడూ, ఇద్దరం దింపేద్దాం. రెండు నిమిషాల పని" అన్నాను.

"చెయిన్ బ్లాకు రానియ్యన్నా. గంత బరువు చేతులతోని దించుతమా?"

"అది వచ్చేసరికి సాయంత్రమవుతుంది. యల్లా, పట్టు."

స్టోరులో నా మాటే చెల్లుతుంది కాబట్టి పట్టాడు. సగం దాకా బాగానే వచ్చింది. నా చేతికి నూనె అంటుకుని ఉంది, పట్టు జారింది. నేను వదిలేశాను. ఉన్న బరువంతా అతని కుడిచేతి మీద పడింది. అతనూ వదిలెయ్యవచ్చు. కానీ కింద నా పాదం ఉంది.

"కాలు తియ్యన్నా! కాలు తియ్!"

నేను కాలు తీసేదాకా అతను వదల్లేదు. ఆ తర్వాత భుజంలోంచి తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడు విన్నాను. కంప్రెసర్ నేల మీద పడింది. అతను గోడకి ఆనుకుని కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏదో దువా చదువుకున్నాడు.

దెబ్బ తగిలితే కంపెనీలో ప్రమాదం రిపోర్టు రాయాలి. ఆ కాగితం ఉంటేనే ఆసుపత్రికి చీటీ ఇస్తారు. దానిలో మొదటి ప్రశ్నే, చెయిన్ బ్లాకు వాడారా అని. వాడలేదంటే తప్పు స్టోర్‌కీపర్‌ది. అప్పటికి మా ఆవిడని తెచ్చుకోవడానికి ఫ్యామిలీ వీసా కాగితాలు మేనేజర్ బల్ల మీద ఉన్నాయి, సంతకం కోసం. పెళ్ళయి రెండేళ్ళు, కలిసి ఉన్నది నలభై రోజులు. నేను అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఎడమచెయ్యి పట్టుకున్నాను. కుడిచెయ్యి పట్టుకునే స్థితిలో లేదు.

"రిపోర్టు వద్దు తమ్ముడూ. నా వీసా పోతుంది."

అతను నా మొహం వైపు కాసేపు చూశాడు. "వదినె వచ్చేదాక ఊకుంట తియ్యన్నా. బామ్ రాస్తే రెండు దినాలల్ల తగ్గుతది."

తగ్గలేదు. మర్నాడు శుక్రవారం బంతి ఇస్తే వద్దనలేకపోయాడు. వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. వేశాడు. మొదటి బంతి వైడు. రెండోదీ వైడు. మూడోది మ్యాట్ మీద కూడా పడలేదు. నేను స్కోరు పుస్తకంలో వైడ్లు రాసుకుంటూ పోయాను. ఆ చెయ్యి ఎందుకు పైకి లేవడం లేదో ఆ మైదానంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, లెక్క రాస్తున్నవాణ్ణీ నేనే.

అలా నాలుగు శుక్రవారాలు. జనం మొదట జాలిపడ్డారు, తర్వాత ఎగతాళి చేశారు, ఆ తర్వాత కథలు అల్లారు. తాగుతున్నాడన్నారు. అతను జన్మలో తాగలేదు. అవతలి టీముకి అమ్ముడుపోయాడన్నారు. గర్వం ఎక్కి ప్రాక్టీసు మానేశాడన్నారు. ఇదివరకు అతని బంతులకి చప్పట్లు కొట్టి చేతులు ఎర్రబడ్డవాళ్ళే అన్నారు ఇవన్నీ.

నాలుగో శుక్రవారం మధ్యాహ్నం మా ఫ్లాటులో పంచాయితీ పెట్టారు.

ముగ్గురు ముఖ్యులు. మా కెప్టెన్ కృష్ణా జిల్లావాడు, ఒక నిర్మాణ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. రెండోవాడు నిజామాబాద్ డ్రైవరు, ఆడేవాడు కాదు గానీ ఒక్క మ్యాచి కూడా వదలకుండా చూసేవాడు. మూడో ఆయన అకౌంటెంటు, మాలో పెద్దవాడు, భీమవరం వైపు. అందరం ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. ఆయన కూడా ఆడేవారు కాదు. అసలు ఆడనివాళ్ళకే అభిప్రాయాలు ఎక్కువ. మా బౌలర్ వంటగదిలో ఉన్నాడు. ఆ వారం వండే వంతు అతనిది. వంటగదికి తలుపు లేదు.

కెప్టెన్ కంపెనీలో అతని పైన ఒక అమెరికన్ ఇంజినీరు ఉండేవాడు. కెప్టెన్ ఆయన మాటలన్నీ మూటగట్టుకొచ్చేవాడు.

"మా ఇంజినీరు చెప్పాడు. వాళ్ళ దేశంలో బేస్‌బాల్ అని ఉంటుంది. అందులో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. పిచ్చర్ సరిగ్గా విసరడం లేదనుకో, ఏడుస్తూ కూర్చోరు. ఇంకో టీముకి ఇచ్చేసి, బదులుగా ఇద్దర్ని తెచ్చుకుంటారు. దాన్ని ట్రేడ్ అంటారు. ఏ పిచ్చర్‌కి బదులు ఏం రావాలని అక్కడ జనం నెలల తరబడి వాదించుకుంటారట."

"మరి మనం కూడా వాదించుకుందాం" అన్నారు మాస్టారు, బాసింపట్టు వేసుకుని.

అల్ సద్ ఫ్లాట్లవాళ్ళ టీము అప్పటికే అడిగిందట. వాళ్ళకి బౌలర్ కావాలి. వాళ్ళ దగ్గర కీపర్లు ఇద్దరున్నారు, ఒకణ్ణి ఇస్తామన్నారు.

"ఒక్క కీపరా?" డ్రైవరు లేచి నిలబడ్డాడు. "గింత పేరున్న బౌలర్‌కు ఒక్క కీపరేంది? ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ను గుడ ఇయ్యమను. లేకుంటే మాఫీ, బేరమే లేదు."

"పేరు పోయిన సంగతి నీకు తెలుసు, వాళ్ళకి తెలియదా?" అన్నాడు కెప్టెన్.

"గందుకే ఒచ్చే శుక్రారం వానికి బంతి ఇయ్యకు. బౌండరీ కాడ నిలబెట్టు. బండి అమ్మేటప్పుడు ఏంజేస్తం? కడిగి, పాలిష్ కొట్టి నీడల పెడ్తం. ఎండల నడిపి సూపెట్టం గద!"

అందరూ నవ్వారు. మాస్టారు కన్నీళ్ళు తుడుచుకున్నారు. "వాళ్ళ మ్యాట్ చూశారా? కొత్తది. మనది మధ్యలో చిరిగింది. ఓపెనర్ని ఎలాగూ ఇవ్వరు. కీపర్, దాంతోపాటు మ్యాట్ అడుగు. మ్యాట్‌కి ఫాం పోదు, అలకలుండవు."

"మేకులతో సహా" అన్నాడు కెప్టెన్.

మేకులు అనేసరికి నాకు ఆ గురువారం గుర్తొచ్చింది. వంటగదిలోకి చూశాను. మా బౌలర్ బిర్యానీ గిన్నెలో గరిట తిప్పుతున్నాడు, ఎడమచేత్తో. కుడిచెయ్యి నడుముకి ఆనించి పెట్టుకున్నాడు. ఆ ముగ్గురిలో ఒక్కడు తల తిప్పి చూసినా అర్థమైపోయేది. తిప్పలేదు.

ఇప్పటికీ నాకు మండేది ఇక్కడే. ఆ గదిలో కూర్చున్న మాస్టారు అప్పటికి ఏడాదిగా తన కంపెనీ నుంచి రిలీజ్ కోసం తిరుగుతున్నారు. ఖతర్‌లో పనిచేసినవాళ్ళకి ఆ మాట చెప్పక్కర్లేదు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకుని రిలీజ్ కాగితం ఇస్తే తప్ప ఇంకో చోట పనికి కుదరడానికి లేదు. డ్రైవరుని అయితే వాళ్ళ కంపెనీ అడగకుండా, చెప్పకుండా ఇంకో కంపెనీకి పంపేసింది. 'గొర్లను తోలినట్టు తోలిన్రు' అని రోజూ తిట్టేవాడు. అలాంటివాళ్ళం కూర్చుని శుక్రవారం ఆటకి కూడా అదే రిలీజ్ కాగితం పెట్టుకున్నాం. సీజను మధ్యలో ఒక టీము నుంచి ఇంకో టీముకి వెళ్ళాలంటే కెప్టెన్ సంతకం, స్కోరర్ సంతకం, కారణం. ఆటగాడి సంతకానికి ఆ కాగితంలో చోటే లేదు. కఫీల్ దగ్గర మేం నేర్చుకున్న చదువు అది.

ఒక మనిషికి బదులు ఏం వస్తుందని గంటసేపు వాదించుకున్నారు. ఆ మనిషికి ఏమైందని ఎవరూ అడగలేదు.

కాదు, ఇది కూడా సరిగ్గా చెప్పాలి. ఒకడు అడిగాడు. కెప్టెనే. ఉన్నట్టుండి నావైపు తిరిగి, "ఏరా, నువ్వు రోజూ వాడితో స్టోరులో ఉంటావు కదా. ఒంట్లో ఏమైనా బాగోలేదా వాడికి?" అన్నాడు.

వంటగదిలో గరిట చప్పుడు ఆగింది.

"బానే ఉన్నాడు" అన్నాను.

గరిట మళ్ళీ తిరిగింది.

"అయితే బద్ధకమే" అని కెప్టెన్ కాగితం నా ముందుకి తోశాడు. "నీ దస్తూరీతో రాయి. కారణం దగ్గర ఏదో ఒకటి పెట్టు. దెబ్బా గిబ్బా అని మాత్రం రాయకు, మ్యాట్ రాదు."

నేను రాశాను. ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో, 'ప్రాక్టీసులో నిర్లక్ష్యం' అని. కింద సంతకం పెట్టాను. నా కాలు విరగకుండా బరువు మోసినవాడికి నిర్లక్ష్యమని రాసి, సిరా ఆరడానికి నోటితో ఊదాను.

మా బౌలర్ గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాడు. "కూసోండ్రి, సల్లారిపోతది." వడ్డించడం నా కంచంతోనే మొదలుపెట్టాడు. తర్వాత కెప్టెన్‌కి వడ్డిస్తూ మామూలుగా అడిగాడు.

"గా కీపర్ మంచోడేనా అన్నా? మంచిగ పడ్తడా?"

మాస్టారు ముద్ద కలుపుకుంటూ "ఉప్పు కొంచెం తగ్గినట్టుంది" అన్నారు.

రెండు వారాలకి మ్యాట్ వచ్చింది, కీపర్ వచ్చాడు. అల్ సద్ వాళ్ళ తరఫున మా బౌలర్ మొదటి మ్యాచి మాతోనే పడింది. ఆ రోజు మా ఫ్లాట్ల జనం ఎప్పుడూ లేనంతమంది వచ్చారు. అతను కొత్త టీము టోపీ పెట్టుకుని, ఆ ఆరడుగులూ వెనక్కి నడిచి, ఒకసారి మావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఒక్క బంతి, ఒకప్పటిలా ఒకే ఒక్క బంతి వేసి చూపించాలని. ఉన్న బలమంతా పెట్టి చెయ్యి తిప్పాడు. బంతి ఎటో పోయింది. అతను మ్యాట్ పక్కన కూలబడి భుజం పట్టుకున్నాడు.

మావాళ్ళు చప్పట్లు కొట్టారు. డ్రైవరు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాడు, "ఖలాస్! అమ్మిన సరుకు వాపస్ తీసుకోం!"

నేను లేవలేదు. పుస్తకంలో వైడ్ అని రాశాను.

తర్వాత సంగతులు పొడిగా చెబుతాను. కంపెనీ చీటీ లేకుండా సొంతంగా ఆసుపత్రికి వెళ్ళాడు. పాత దెబ్బ, లోపల నరాలు తెగి అలాగే అతుక్కున్నాయన్నారు. మొదట్లోనే వచ్చి, కొన్నాళ్ళు కదపకుండా ఉంటే నయమయ్యేదన్నారు. చెయ్యి తల పైకి లేవని టెక్నీషియన్ కంపెనీకి దేనికి? మాస్టారికి ఏడాది తిరిగినా దొరకని రిలీజ్ అతనికి వారంలో దొరికింది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒక చిన్న కాఫ్టేరియాలో, టీ, శాండ్‌విచ్ అమ్మే చోట, కౌంటరు దగ్గర కుదిరాడు.

వేసవి పోయాక మా ఆవిడ వచ్చింది. అదే పేటలో ఒక గది చూసుకుని సామాను సర్దుకున్నాం. మొదటి వారంలోనే అడిగింది. "ఉత్తరాల్లో రాసేవారు కదా, మీ బౌలర్ గురించి. ఆయన బంతికి జనం బూట్లు వేసుకుంటారని. ఆయన్ని భోజనానికి పిలవండి. మొదట ఆయనకే వండిపెడతాను."

వదినె వచ్చేదాక ఊకుంట అన్నాడు. వదినె వచ్చింది. అయినా అతను ఎక్కడా నోరు విప్పలేదు. గడువు అతనిది కాదు, నాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పూట మా ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ అరవలేదు. సర్దుతున్న గిన్నెలు అలాగే వదిలేసి, "అయితే నేనిక్కడ ఉన్నది ఆయన చేతి మీదన్నమాట" అంది.

మర్నాడు మధ్యాహ్నం కాఫ్టేరియాకి వెళ్ళాను. బేరం లేని వేళ. ఎడమచేత్తో గ్లాసులు తుడుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "రాన్నా. వదినె మంచిగున్నదా?"

నేను నిలబడే మొదలుపెట్టాను. తప్పంతా నాదేననీ, నీ బతుకు పాడుచేశాననీ, క్షమించమనీ. రాత్రంతా మనసులో అనుకున్న మాటలు గబగబా అనేశాను. అతను గ్లాసు తుడవడం ఆపలేదు.

"అయిపోయిందా అన్నా?"

తలూపాను.

"గిది నాకు జెప్పుడేంది? నా భుజం సంగతి నాకెర్క లేదా? నువ్వు జెప్పేది నాకు కాదు. ఆళ్ళకు జెప్పు." మొదటిసారి అతని గొంతు పెరిగింది. "మొన్న గుడ ఒకడు టీ తాగి పోతా ఏమన్నడో తెల్సా? మ్యాట్‌కు మార్చిన బౌలర్‌వు నువ్వేనా అన్నడు. మా ఊరి పోరడు, నిన్న గాక మొన్నొచ్చినోడు. గా మాట మా ఊరిదాక పోయిందన్నా. చెయ్యి పోతే పోయింది. నేను కష్టం ఎగ్గొట్టెటోన్నా? నువ్వు జెప్పు. నిర్లక్ష్యమని కాయిదం మీద ఎట్ల రాసినవ్?"

అతను గ్లాసు బోర్లించి పక్కన పెట్టాడు.

"ఒచ్చే శుక్రారం గ్రౌండ్‌కు ఒస్త. సీజన్ల మొదటి మ్యాచ్, అందరుంటరు. నా ముందట జెప్పు. గప్పుడు తింట వదినె చేతి అన్నం."

గురువారం కంపెనీలో ప్రమాదం రిపోర్టు రాసి మేనేజర్ బల్ల మీద పెట్టాను, ఏడాది ఆలస్యంగా. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు, స్టోరు పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు గేటు దగ్గర లారీల నంబర్లు రాశాను. దాని గురించి ఏడవడం నాకు తగదు. అతనికి మాత్రం ఆ రిపోర్టు వల్ల ఏమీ ఒరగలేదు. కంపెనీ వదిలి వెళ్ళినవాడు కాబట్టి కంపెనీకి సంబంధం లేదన్నారు.

శుక్రవారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జనానికి దూరంగా, నీళ్ళ క్యాన్ పక్కన నిలబడ్డాడు. రెండు టీములూ అక్కడే ఉన్నాయి. మా మ్యాట్ పరిచి ఉంది, అల్ సద్ నుంచి వచ్చిన మ్యాట్. టాస్‌కి ముందు లీగు కాగితాల ఫైలు అడిగి తీసుకున్నాను. నా దస్తూరీతో ఉన్న ఆ రిలీజ్ కాగితం బయటికి తీసి, మ్యాట్ మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

"ఏంట్రా, స్కోరర్ కూడా బౌలింగ్ వేస్తాడా ఇవాళ?" అన్నాడు కెప్టెన్. అందరూ నవ్వారు.

"ఒక్క మాట చెప్పి పోతాను. పోయిన సీజనులో మన బౌలర్ని ఇచ్చేశాం. ఈ కాగితంలో కారణం నేను రాశాను. అది అబద్ధం."

నవ్వు ఆగింది. నేను చెప్పాను. గురువారం సంగతి, చెయిన్ బ్లాకు సంగతి, నా చేతి నూనె, నా పాదం, రిపోర్టు వద్దని బతిమాలడం, అంతా. డ్రైవరు తల దించుకున్నాడు. మాస్టారు అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. కెప్టెన్ మాత్రం దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సర్లేరా. అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడెందుకు ఇదంతా? ఎండెక్కుతోంది, నమాజు టైముకి ఆట అవదు."

ఆ చెయ్యి విదిలించి కొట్టాను. జీవితంలో ఎవరి మీదా అంత గట్టిగా అరవలేదు. "ఎండెక్కనీ! ఆ రోజు గంటసేపు మ్యాట్ అడుగుదామా, మేకులు అడుగుదామా అని కూర్చున్నాం. అప్పుడు ఎండ గుర్తు రాలేదు. తాగుబోతన్నారు, అమ్ముడుపోయాడన్నారు, సరుకన్నారు. ఒక్కరైనా వంటగదిలోకి తొంగి చూశారా? నేను చూశాను. చూసి, నువ్వడిగితే బానే ఉన్నాడన్నాను. మీరంతా తెలియక అన్నారు. నేను తెలిసి రాశాను."

జేబులోంచి పెన్ను తీసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, 'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేశాను. దాని పైన తెలుగులో రాశాను, అక్కడున్న మనవాళ్ళందరూ చదవగలిగేలా: 'స్టోర్‌కీపర్ తప్పు వల్ల, స్టోర్‌కీపర్‌ని కాపాడుతూ, భుజానికి దెబ్బ తగిలింది.' కింద మళ్ళీ సంతకం పెట్టి కెప్టెన్ చేతికిచ్చాను. తర్వాత నీళ్ళ క్యాన్ దాకా నడిచి, అందరికీ వినపడేలా అన్నాను.

"నువ్వు కష్టం ఎగ్గొట్టలేదు తమ్ముడూ. నిజం ఎగ్గొట్టింది నేను. నీ చెయ్యి తిరిగి ఇవ్వలేను. నీ పేరు మాత్రం ఇక్కడే పోగొట్టాను, ఇక్కడే, వీళ్ళ ముందే తిరిగి ఇస్తున్నాను. నన్ను క్షమించు."